ఆశువుకు ముందస్తు అనుమతి

రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, మరచెంబు, జలుబు మాత్రలు, విరేచనాల మాత్రలు, రెండూ ఒకేసారి వస్తే ఏది ముందు వేసుకోవాలో రాసిన చీటీ, గోంగూర పచ్చడి సీసా, దారిలో బస్సు చెడిపోతే తినడానికి చేగోడీలు, బాగుచేసిన బస్సు మళ్ళీ చెడిపోతే తినడానికి జంతికలు. ఇవన్నీ సంచిలో సర్ది, జిప్పు పట్టకపోతే మోకాలు ఆనించి లాగుతున్నాను.

"పిన్నీ, నేను పోయేది మూడు రోజులకి. కాశీకి కాదు," అన్నారు దస్తగిరి మాస్టారు.

"మూడు రోజులని వెళ్ళిన వీణ టీచరు ఏమైంది?"

"పెళ్ళయింది."

"మరి తిరిగి వచ్చిందా?"

"మొగుడి దగ్గర ఉండక, ఇక్కడికొచ్చి నీ బజ్జీలు తింటదా ఏంది?"

మా ఊరి ప్రభుత్వ సంగీత కళాశాల వరండా చివర ముప్పై ఏళ్ళుగా నాది టీ, బజ్జీల కొట్టు. కాలేజీలో ఎవరు ఊరు వెళ్ళినా సంచి సర్దేది నేనే. ఎవరూ అడగరు, నేనే లాక్కుని సర్దుతాను. నా జీవితంలో కదిలిపోయే బస్సు వెనక దుమ్ము చూసినంతగా మరేదీ చూడలేదు. బజ్జీలు చుట్టడానికి తెచ్చిన పాత పరీక్ష కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నాను కనుక చదవడం వచ్చు. నోటీసు బోర్డు మీద ఏ కాగితం పడ్డా ముందు వెతికేది, అందులో ఎవరి పేరైనా వెళ్ళిపోయేవాళ్ళ జాబితాలో ఉందా అనే.

దస్తగిరి మాస్టారు నాదస్వరం చెబుతారు. పందొమ్మిదేళ్ళుగా గెస్టు లెక్చరర్. అంటే ప్రతి ఏప్రిల్ ముప్పయ్యో తేదీన కాలేజీ ఆయనను తీసేస్తుంది, జూన్‌లో మళ్ళీ పెట్టుకుంటుంది. మధ్యలో నలభై రోజులు నాకు నిద్ర ఉండదు. భార్య పోయింది. కూతురు అత్తవారింట్లో ఉంది. మధ్యాహ్నం పూట పిల్లలు లేనప్పుడు ఆయన నా కొట్టు పక్క మెట్టు మీద కూర్చుని ఏది తోస్తే అది వాయిస్తారు. నేను శనగపిండి కలుపుతూ వింటాను. పిండి ఎప్పుడు జారుడయిందో ఎన్నోసార్లు నాకే తెలియలేదు.

ఈ జూలైకి ఆయనకు యాభై నిండుతాయి. ఆ తరువాత పర్మనెంటు చెయ్యడానికి రూలు ఒప్పుకోదు. ఒక ఏప్రిల్‌లో తీసేసి, ఇక జూన్‌లో పిలవరు. అందుకే ఆయన కంటె నేనే ఆ పర్మనెంటు ఆర్డరు కోసం ఎక్కువ ఎదురు చూస్తున్నాను. పర్మనెంటు అంటే ఇక కదలని మనిషి అని నా అర్థం.

ఇలా ఉండగా శాఖలో ఒక పెద్దాయన విదేశాలు వెళ్ళి వచ్చారు. అక్కడ హోటల్లో భోజనం చేస్తుంటే ఎవరో జాజ్ వాయించారట. ఆయన తిరిగి వచ్చిన మూడో రోజున అన్ని సంగీత కళాశాలలకూ సర్క్యులర్ వచ్చింది. మార్చి, ఏప్రిల్ నెలలను 'జాజ్ ఋతువు'గా ప్రకటించారు. ఒక్కొక్క కాలేజీ ఎనిమిది శనివారాలు ఎనిమిది జాజ్ కచేరీలు చేయాలి. దీనిని జయప్రదం చేసిన సిబ్బంది సేవల క్రమబద్ధీకరణ 'సానుభూతితో' పరిశీలిస్తారు.

మా ప్రిన్సిపాల్ సోమయాజులు గారు గాత్ర విద్వాంసులు. శ్రుతి తప్పితే ఆయనకు కోపం రాదు, తేదీ తప్పితే వస్తుంది. సర్క్యులర్ చదివి, కాలేజీ అంతా ఒకసారి తిరిగి చూసి, దస్తగిరి మాస్టారి ముందు ఆగారు.

"జాజ్‌కు శాక్సోఫోన్ ముఖ్యమట. మన దగ్గర ఊదేది మీరొక్కరే. రాజధానిలో మూడు రోజుల అవగాహన శిబిరం. వెళ్ళి అవగాహన తీసుకురండి."

అదీ ఆ సంచి కథ.

ఆయన నాలుగో రోజు ఉదయాన్నే తిరిగి వచ్చారు. బస్సు చెడిపోలేదు. చేగోడీలు మాత్రం అయిపోయాయి.

"ఏం నేర్పారు నాయనా?"

"మొదటిరోజు దీపం వెలిగించారు. రెండోరోజు ఫోటోలు. మూడోరోజు ఒకాయన వచ్చి అసలు సంగతి చెప్పాడు పిన్నీ. ఆ నిమిషానికి మనసుకి ఏది తోస్తే అది వాయించడమే జాజ్ అంట."

"అంతేనా?"

"అంతే! మా నాయన ఉత్సవాల్లో చేసింది అదే కదా. ఊరేగింపు ఎంతదూరం పోతే అంతదూరం ఒకే రాగం సాగదీసేవాడు, వాయించింది మళ్ళీ వాయించకుండా. పందొమ్మిదేళ్ళకి నాకు వచ్చిన పని అడిగారు పిన్నీ వీళ్ళు!"

ఆయన అంతగా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు. నాకూ ధైర్యం వచ్చింది. వచ్చిన ధైర్యం సోమవారం దాకా ఉంది.

సోమవారం సంచాలక కార్యాలయం నుంచి సహాయ సంచాలకులు పరాంకుశం గారు వచ్చారు. చేతిలో ఫైలు, జేబులో స్టాప్‌వాచీ. సిబ్బందినంతా హాల్లో కూర్చోబెట్టారు. నేను టీలు అందించే వంకతో తలుపు దగ్గర నిలబడ్డాను.

"జాజ్ అనునది ఆశు సంగీతము. ఆశువు అనగా అప్పటికప్పుడు తోచునది. కావున, అప్పటికప్పుడు తోచబోవు దానిని ప్రదర్శనకు పది దినములు ముందుగా, స్వరపరచి, మూడు ప్రతులలో సమర్పించి, ఆమోదము పొందవలెను," అన్నారాయన.

దస్తగిరి మాస్టారు లేచారు. "అయ్యా, తోచేది ముందే ఎట్టా తెలుస్తుంది?"

"తెలియకుండా ప్రభుత్వ వేదిక మీద ఏ విధముగా తోచనిత్తుమండీ? రేపు ఏదైనా తోచినచో బాధ్యులెవరు?"

హాల్లో ఇంకెవరికీ ఇందులో తప్పు కనిపించలేదు. కనిపించదు కూడా. మా కాలేజీలో కల్పన స్వరాలు నేర్పే పద్ధతే అది. పాటగాడు సొంతంగా, అక్కడికక్కడ అల్లుకోవలసిన స్వరాలను టీచరు డిక్టేషన్ చెబుతారు, పిల్లలు నోటుబుక్కులో రాసుకుని బట్టీ పడతారు. పరీక్షలో ఎవరి కల్పన నోటుబుక్కులో కల్పనకు సరిపోలకపోతే వాళ్ళకు మార్కులు తగ్గుతాయి. నా బజ్జీలన్నీ ఆ కల్పనల్లోనే చుట్టాను, నాకు తెలియదూ?

మాస్టారు నా వైపు చూశారు. నేను జూలై, జూలై అని పెదవులు కదిపాను. ఆయన కూర్చున్నారు.

పది రోజులు కూర్చుని తనకు తోచబోయేదంతా రాశారు. కాగితం తిరిగి వచ్చింది. 'మూడవ పుటలో ఉత్సాహము అధికము. సవరించి పంపవలెను' అని మార్జిన్‌లో రాశారు. తగ్గించి పంపితే, 'ఆమోదింపబడినది' అని ముద్ర పడింది. శాక్సోఫోన్ కొనేదాకా నాదస్వరాన్ని రిజిస్టరులో 'శాక్సోఫోన్ (స్థానికం)' అనీ, డోలును 'డ్రమ్స్ (స్థానికం)' అనీ రాయించారు. జాజ్‌కు మసక వెలుతురు కావాలని సర్క్యులర్‌లో ఉంది కనుక హాలు కిటికీలన్నిటికీ నల్లగుడ్డ కొట్టించారు ప్రిన్సిపాల్ గారు.

మొదటి శనివారం సాయంత్రం అయిదింటికి కచేరీ మొదలైంది. మధ్యలో దస్తగిరి మాస్టారు, పక్కన వయొలిన్ ఇందుమతి టీచరు, వెనక డోలు. ముందు వరసలో పరాంకుశం గారు ఆమోదించిన ప్రతి ఒళ్ళో పెట్టుకుని, పెన్సిల్‌తో ఒక్కొక్క స్వరానికీ టిక్కు పెడుతున్నారు. పక్కన ఆయన సెల్‌ఫోన్ రికార్డు చేస్తోంది. వాయించేవాళ్ళ ముందు కాగితాలు, వినేవాయన ముందు కాగితాలు. రేషన్ కార్డుల తనిఖీలా సాగుతోంది.

అయిదూ నలభై రెండుకు కరెంటు పోయింది. నల్లగుడ్డల పుణ్యమా అని హాలంతా చిమ్మచీకటి. కాగితం కనిపించక ఇందుమతి టీచరు కంగారుగా కమాను లాగితే, తీగ టంగుమని తెగింది. ఫ్యాన్లు ఆగిపోవడంతో నా కొట్టులో మూకుడులో వదిలేసి వచ్చిన మిరపకాయల ఘాటు లోపలికి వచ్చింది. నేను చెంగు అడ్డం పెట్టుకునే లోపల గట్టిగా ఒక తుమ్ము తుమ్మాను. రెండోది రాబోతుంటే, కచేరీ చెడిపోతుందని ముక్కు నలిపి ఆపేశాను.

అప్పుడు దస్తగిరి మాస్టారు వాయించారు.

కాగితం లేదు, టిక్కు లేదు. తెగిన తీగ శబ్దాన్ని పట్టుకున్నారు. నా తుమ్మునూ పట్టుకున్నారు. ఆ రెంటినీ కలిపి ఏదో అల్లారు. డోలు ఆయన వెనక పరుగెత్తింది. ఇందుమతి టీచరు మిగిలిన మూడు తీగల మీదనే అందుకుంది. చీకట్లో మూడో వరసలో ఎవరో "ఆహా!" అన్నారు. మా కాలేజీ హాల్లో ఆ మాట ఎవరి నోటి నుంచయినా నేను వినడం అదే మొదలు. పావుగంట తరువాత కరెంటు వచ్చేసరికి సోమయాజులు గారు తొడ మీద తాళం వేస్తూ దొరికిపోయారు. చటుక్కున చెయ్యి జేబులో పెట్టుకున్నారు.

పరాంకుశం గారి కాగితం మీద పావుగంట మేర ఒక్క టిక్కూ లేదు. "వ్యత్యాసము," అన్నారాయన, లేచి. "ఘోర వ్యత్యాసము." రికార్డింగు తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ వారమంతా నేను మొక్కని దేవుడు లేడు. దర్గాలో కూడా చక్కెర పంచాను. మాస్టారు మాత్రం, "పోతే పోనీ పిన్నీ. ఆ పావుగంట చాలు," అన్నారు.

"నీకు చాలు. నాకు చాలదు," అన్నాను.

గురువారం జవాబు వచ్చింది. రికార్డింగును శాఖ పెద్దాయన విన్నారట. విని, 'నేను హోటల్లో విన్నది అక్షరాలా ఇదే' అన్నారట. అందుచేత సదరు ప్రదర్శనను 'ఆదర్శ ఆశువు'గా గుర్తించారు. మిగిలిన ఏడు కచేరీలూ, ఏ మార్పూ లేకుండా, అదే విధంగా జరగాలి. అన్నీ సక్రమంగా జరిగినచో షేక్ దస్తగిరి సేవలను క్రమబద్ధీకరిస్తారు. ఒక్క వ్యత్యాసం వచ్చినా లేదు.

వెంట ఒక పట్టిక పంపారు. 5.42: విద్యుత్ అంతరాయము. 5.43: తీగ తెగుట. 5.44: తుమ్ము, ఒకటి, వృద్ధ స్త్రీ. 5.51: ఆహా, మూడవ వరస, ఎడమ నుండి నాలుగవ కుర్చీ. 5.57: ప్రిన్సిపాల్ తొడపై తాళము.

"చివరిది తీసెయ్యమని రాయకూడదుటండీ?" అని సోమయాజులు గారు ఇందుమతి టీచరును అడిగారు. ఆవిడ నోట్లో కొంగు కుక్కుకుంది.

ప్రిన్సిపాల్ గారు పని మొదలుపెట్టారు. ప్రతి శనివారం 5.42కు కరెంటు తీయవలసిందని విద్యుత్ ఆఫీసుకు ఉత్తరం రాశారు. 'కోరిన సమయానికి కరెంటు పోవునని హామీ ఇవ్వలేము. అది మా చేతిలో ఉన్న విషయము కాదు' అని వాళ్ళు నిజం రాశారు. కాబట్టి వాచ్‌మన్‌ను మెయిన్ దగ్గర కూర్చోబెట్టారు. మూడో శనివారం కరెంటు తనంతట తాను 5.20కే పోయింది. అది పట్టికలో లేని అంతరాయం. పరాంకుశం గారు స్టాప్‌వాచీ ఆపేశారు. కరెంటు వచ్చేదాకా అందరం చీకట్లో కూర్చుని, వచ్చాక, వెలుతురులో ఇరవై రెండు నిమిషాలు వాయించి, మళ్ళీ తీసి, చీకట్లో కూర్చున్నాం.

ఇందుమతి టీచరు తీగను ముందే బ్లేడుతో సగం కోసి పెట్టుకునేది. 'ఆహా' అన్న నాలుగో కుర్చీ పెద్దమనిషి పోస్టాఫీసులో పనిచేసి రిటైరైనవాడు. పాపం, సంగీతం అంటే ప్రేమ. నాలుగో వారం ఆగలేక 5.49కే అనేశాడు. 'ముందస్తు ఆహా'కు ఆయన దగ్గర రాతపూర్వకంగా సంజాయిషీ తీసుకున్నారు. అదృష్టవశాత్తు అది కళాకారుడి తప్పు కిందికి రాదని తేల్చారు. అది తేలేదాకా నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

ఇక నా సంగతి. నశ్యం పీల్చి తుమ్మడం పెద్ద పని కాదు. కానీ ఒంటి తుమ్ము! వారం వారం, నిండు సభలో, ఒక శుభకార్యం మధ్యలో, ఒంటి తుమ్ము తుమ్మి ఊరుకోవడం ఎట్లా? రెండో తుమ్ముకు అనుమతి ఇప్పించమని అర్జీ పెట్టుకున్నాను. జవాబు వచ్చింది: 'రెండవ తుమ్ము మూల ప్రదర్శనలో లేనందున విషయము పరిశీలనలో నున్నది. అంతవరకు అర్జీదారు ఒక తుమ్ముతో సరిపెట్టుకొనవలెను.'

ప్రతి కచేరీ కాగానే దస్తగిరి మాస్టారిని మెట్టు మీద కూర్చోబెట్టి గ్లాసుడు మంచినీళ్ళు తాగించి కానీ పంపేదాన్ని కాదు.

"నీ తుమ్ముకి నేను నీళ్ళు తాగాలా పిన్నీ?"

"తాగు నాయనా. ఇంక నాలుగు వారాలే."

ఆయన కష్టం వేరు. చీకట్లో తోచింది తోచినట్టు వాయించిన ఆ పావుగంటను ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు వాయించాలి. సెల్‌ఫోన్ చెవికి పెట్టుకుని, తన పాటను తానే ముక్కముక్కగా నేర్చుకున్నారు. ఒకచోట పదే పదే తప్పుతుండేది.

"వీడెవడో మహా గడుసోడు పిన్నీ. ఇక్కడ ఏం చేశాడో పట్టు దొరకటం లా," అన్నారు ఫోను వైపు చూపిస్తూ.

"వాడివి నువ్వే కదా!"

"అప్పుడు నేనే. ఇప్పుడు వాడు."

అయిదో వారం నుంచి మధ్యాహ్నాలు మెట్టు మీద వాయించడం మానేశారు. వేళ్ళకు ఇష్టం వచ్చినట్టు తిరగడం అలవాటైతే శనివారం దారి తప్పుతాయని భయం. "ఋతువు అయిపోనీ, వడ్డీతో సహా వాయిస్తా," అన్నారు. నేను చప్పుడు లేకుండా పిండి కలిపాను. బజ్జీలు చాలా బాగా వచ్చాయి. అందరూ మెచ్చుకున్నారు. నాకేమీ రుచించలేదు.

ఒకసారి, ఆరో వారం అనుకుంటాను, తీగ తెగిన క్షణంలో, చీకట్లో టిక్కుల కోసం పరాంకుశం గారు తెచ్చుకున్న చిన్న టార్చి వెలుతురులో, మాస్టారి వేళ్ళు పైరంధ్రాల మీద ఒక్కసారి తేలడం చూశాను. ఏదో కొత్తది వస్తోంది. మెట్టు మీద పందొమ్మిదేళ్ళు విన్నదాన్ని, నాకు తెలుస్తుంది. పరాంకుశం గారి పెన్సిలు ఆగింది. నేను నశ్యం డబ్బీ కోసం తడుముకున్నాను. ఇంకా పీల్చలేదు; అయినా తుమ్ము వచ్చేసింది. సరిగ్గా 5.44. ఆ చప్పుడుకు మాస్టారి వేళ్ళు మళ్ళీ పట్టికలోకి వచ్చి పడ్డాయి. గండం గడిచింది. ఆ గండం గట్టెక్కించింది నేనేనని నెలలపాటు గర్వంగా చెప్పుకున్నాను.

ఎనిమిదో శనివారం ఉదయం నా అర్జీకి తుది జవాబు వచ్చింది. 'అర్జీదారు మనోభావములను గౌరవించి రెండవ తుమ్మునకు అనుమతించడమైనది. మొదటి దానికి, రెండవ దానికి మధ్య వ్యవధి మూడు సెకండ్లకు మించరాదు.' మించలేదు. కరెంటు పోయింది, తీగ తెగింది, రెండు తుమ్ములు పడ్డాయి, పోస్టాఫీసు పెద్దమనిషి గడియారం చూసుకుని "ఆహా" అన్నాడు, సోమయాజులు గారు తల దించుకుని తొడ మీద తాళం వేశారు. దస్తగిరి మాస్టారు ఆ పావుగంటనూ ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పారు. పరాంకుశం గారు చివరి టిక్కు పెట్టి, లేచి నిలబడి, కళ్ళు తుడుచుకున్నారు.

"నా సర్వీసులో ఇంత పరిపూర్ణమైన అప్పటికప్పుడు చూడలేదండీ," అన్నారు.

జూన్ నెలాఖరున, యాభై నిండడానికి పన్నెండు రోజుల ముందు, ఆర్డరు వచ్చింది. ప్రిన్సిపాల్ గారు దాన్ని నా చేతిలో పెట్టి, "మామ్మగారూ, మీరే చదవండి," అన్నారు. 'షేక్ దస్తగిరి సేవలను ఇందుమూలముగా క్రమబద్ధీకరించడమైనది.' మొదటి పేరా రెండుసార్లు చదివాను, సంతోషం పట్టలేక. తరువాత కాలేజీ అందరికీ బజ్జీలు వేశాను. డోలు మాస్టారు డోలు తెచ్చుకున్నారు. ఇందుమతి టీచరు పిల్లలతో కలిసి వరండాలో గంతులు వేసింది. దస్తగిరి మాస్టారు నా కాళ్ళకు దండం పెట్టబోతే, "పర్మనెంటు మనిషివి, వంగకూడదు," అన్నాను. అందుకని రెండో పేరాకు రావడం ఆలస్యమైంది.

రెండో పేరా ఇది: 'ఒకే ఆశువును ఏడు పర్యాయములు నిర్వ్యత్యాసముగా పునరావృతము చేసిన సామర్థ్యమును గుర్తించి, సదరు ఉద్యోగిని సంచాలక కార్యాలయమునందు కొత్తగా ఏర్పరచిన ఆశువు పరిశీలనాధికారి పదవిలో నియమించడమైనది. రాష్ట్రములోని సంగీత కళాశాలల ఆశువులన్నియు ఇకపై వీరి ఆమోదమునకు పంపవలెను. పదిహేను దినములలోగా చేరవలెను. ఈ పదవికి వాయిద్యము అవసరము లేదు.'

వరండాలో డోలు ఇంకా మోగుతూనే ఉంది. ఎవరో వెళ్ళి ఆపారు.

"చేరకపోతే?" అని అడిగాను.

"చేరకపోతే మొదటి పేరా కూడా రద్దు," అన్నారు సోమయాజులు గారు మెల్లగా.

"ఆరు నెలలే పిన్నీ. బదిలీకి అర్జీ పెట్టుకుని వచ్చేస్తా. ఇప్పుడు పర్మనెంటు కదా, నన్నెవరు తీసేస్తారు?" అన్నారు మాస్టారు.

అర్జీ పెట్టారు. ముందస్తు సమాచారం లేకుండా అర్జీ పెట్టినందుకు అది తిరిగి వచ్చింది. ముందస్తు సమాచారం ఇచ్చి పెట్టారు. తమ స్థానంలో అదే విధంగా పనిచేయగలవారిని చూపితే పరిశీలిస్తామన్నారు. అదే విధంగా పనిచేసేవారు రాష్ట్రంలో ఇంకెవరూ లేరు.

ఎందుకంటే ఆయన పనిచేసే విధానం అలాంటిది. ఆశువుల ఫైలు ఏది వెళ్ళినా సాయంత్రంలోగా ఆకుపచ్చ సిరాతో 'అనుమతించడమైనది, దస్తగిరి' అని వస్తుంది. ఒక్క స్వరం కొట్టేసింది లేదు. రెండు నెలలు చూసి, ఇందుమతి టీచరు భయపడుతూ భయపడుతూ ఖాళీ కాగితాలు మూడు ప్రతులు పంపింది. అవీ అనుమతితో వచ్చాయి. అప్పటినుంచి అన్ని కాలేజీలూ ఖాళీ కాగితాలే పంపుతున్నాయి. ఈ ఏడాది జాజ్ ఋతువులో మా పిల్లలు వాళ్ళకు తోచింది వాయించారు. ఏమిటేమిటో తోచాయి. కొన్ని ఘోరంగా ఉన్నాయి. పోస్టాఫీసు పెద్దమనిషి ఇష్టం వచ్చినప్పుడల్లా "ఆహా" అన్నాడు. సోమయాజులు గారు తాళం రెండు చేతులతో వేశారు. పరాంకుశం గారు ఒళ్ళో ఖాళీ కాగితం పెట్టుకుని, టిక్కు ఎక్కడ పెట్టాలో తెలియక, ఊరికే విన్నారు. పోతూ పోతూ రెండు మిరపకాయ బజ్జీలు కూడా తిన్నారు.

నాదస్వరం తరగతిలో ఎవరూ చేరలేదు. చెప్పేవారు లేరు కనుక ఆ గదిలో పాత బెంచీలు పెట్టారు.

షేక్ దస్తగిరి మాస్టారు కిందటి జూలై ఎనిమిదో తేదీ, సోమవారం ఉదయం ఆరూ పది బస్సుకు వెళ్ళారు. తిరిగి రాలేదు.